రెండు రూపాయల ట్రాన్సిస్టర్ ఎక్కడ కొనాలి?

బీసీ 547 ట్రాన్సిస్టర్ ఖరీదు రెండు మూడు రూపాయలు. అది ఒక్కటే ఇంటికి తెప్పించుకుంటే కొరియరుకు అరవయ్యో డెబ్బయ్యో అవుతుంది. దాని కోసం నల్లగొండ నుంచి హైదరాబాద్‌లోని కోఠికి బస్సెక్కితే రానూపోనూ ఛార్జీలతో పాటు ఒక పూట పని పోతుంది. సరదాగా ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్ల చిక్కంతా ఇక్కడే ఉంది. వస్తువు చవక, అది చేతికి రావడమే ఖరీదు. అందుకే ఎక్కడ కొనాలని అడిగేవాళ్లకు నేను ముందు దుకాణం పేరు చెప్పను. ఏది కావాలి, ఎన్ని కావాలి, ఎప్పటికి కావాలి అని ఎదురు అడుగుతాను. జవాబును బట్టి కొనే చోటు మారిపోతుంది.

నాది టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం. పిక్చర్ ట్యూబుల కాలంలో మొదలుపెట్టాను. ఇప్పుడు టీవీలు తగ్గాయి, ప్రాజెక్టులు చేసే పిల్లలు పెరిగారు. హైస్కూలు సైన్సు టీచర్లు, ఇంజినీరింగ్ విద్యార్థులు, పొలం మోటారును ఫోనుతో నడపాలనుకునే రైతులు కూడా వస్తుంటారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ ఊళ్లోనే వెతకండి. ఎలక్ట్రానిక్స్ అని బోర్డు లేకపోయినా ఆ సామాను ఉండే చోట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. మోటారు వైండింగ్ చేసేవాళ్ల దగ్గర ఎనామిల్ రాగి తీగ రకరకాల గేజీల్లో ఉంటుంది, కాస్త కావాలన్నా తూచి ఇస్తారు. కాయిల్ చుట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. స్లీవులు, ఫ్యాను కెపాసిటర్లు కూడా అక్కడే దొరుకుతాయి. బైకు ఎలక్ట్రీషియన్ దగ్గర 12 వోల్టుల రిలేలు, ఫ్యూజులు, రంగురంగుల వైర్లు ఉంటాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాళ్ల దగ్గర ఫ్లక్సు, సోల్డర్ పేస్టు, డీసోల్డరింగ్ విక్, సన్నటి ట్వీజర్లు. ఇక నాలాంటి టీవీ మెకానిక్ దగ్గర రెసిస్టర్లు, డయోడ్లు, రెగ్యులేటర్లు డబ్బాల నిండా ఉంటాయి. కాకపోతే వాటిని అమ్మడం అతని వ్యాపారం కాదు. వెళ్లగానే ధర అడగకుండా మీరు చేస్తున్న బోర్డు చూపించండి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. ఒక్క రెసిస్టర్‌కు డబ్బు పుచ్చుకునే మెకానిక్‌ను నేనైతే చూడలేదు. ప్రతి వారం వెళ్లి ఊరికే పట్టుకుపోతే మాత్రం ఆ మర్యాద ఎక్కువ రోజులు సాగదు.

ఊళ్లో దొరకనిదేదో తేలాక చీటీ రాయాలి. కోఠికి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా సగం డబ్బు ఈ చీటీ దగ్గరే మిగులుతుంది, సగం పొరపాట్లు ఇక్కడే ఆగుతాయి. “కెపాసిటర్ 1000” అని రాసుకొచ్చే పిల్లలుంటారు. ఆ రాతకు అర్థం లేదు. నేను రాయించే తీరు ఇది: “ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులు, 105 డిగ్రీలు, 5 పీసులు.” “రెసిస్టర్, 10 కె, పావు వాటు, మెటల్ ఫిల్మ్, 20 పీసులు.” ఐసీ అయితే నంబరుతో పాటు డిప్ (పొడవు కాళ్లది) కావాలా, ఎస్ఎండీ (బోర్డు మీదే అతికించే చిన్నది) కావాలా అన్నది తప్పక రాయాలి. టైమర్ ఐసీ ఎన్ఈ 555 పేరుతో రెండూ అమ్ముతారు. సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బ్రెడ్‌బోర్డులో ఎస్ఎండీది కూర్చోదు.

నంబరులో ఒక్క అక్షరం కూడా వదలకూడదు. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలరు బోర్డుతో మోటారు నడిపేవాళ్లు తరచూ కొనే మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) ఐఆర్ఎల్‌జెడ్ 44ఎన్. కౌంటరులో అది అడిగితే చాలాసార్లు ఐఆర్ఎఫ్‌జెడ్ 44ఎన్ చేతిలో పెడతారు, “అదే సార్, పనిచేస్తుంది” అంటారు. రెండూ చూడడానికి ఒకటే, కాళ్ల వరస కూడా ఒకటే. తేడా లోపల ఉంది. ‘ఎల్’ ఉన్నది గేటుకు, అంటే దాన్ని తెరిచే కాలికి, 5 వోల్టులు ఇస్తే చాలు, బాగా తెరుచుకుంటుంది. ‘ఎఫ్’ ఉన్నదానికి 10 వోల్టుల దాకా కావాలి. ఆర్డుయినో ఊనో ఇచ్చేది 5 వోల్టులే. అప్పుడు ‘ఎఫ్’ రకం అరకొరగా తెరుచుకుంటుంది, మోటారు ఈడుస్తూ తిరుగుతుంది, మాస్‌ఫెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పిల్లలేమో ప్రోగ్రాములో తప్పుందని రాత్రంతా వెతుకుతారు.

బదులు ఇచ్చే వస్తువును ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు వద్దనాలి అన్నది తెలిస్తే కౌంటరు దగ్గర తడబడరు. 1ఎన్ 4001 డయోడ్ అడిగితే 1ఎన్ 4007 ఇచ్చారా, హాయిగా తీసుకోండి. మొదటిది 50 వోల్టులు తట్టుకుంటుంది, రెండోది 1000. కెపాసిటర్‌కు 16 వోల్టుల బదులు 25 ఇచ్చినా మంచిదే, కాస్త లావుగా ఉంటుందంతే. పావు వాటుకు బదులు అర వాటు రెసిస్టర్ ఇచ్చినా ఇబ్బంది లేదు. కానీ 1ఎన్ 4148 కావలసిన చోట 4007 పెట్టకండి, దానికి అంత వేగం లేదు. 5 వోల్టుల రెగ్యులేటర్ 7805 అడిగితే ట్రాన్సిస్టర్‌లా చిన్నగా ఉండే 78ఎల్ 05 ఇస్తే వెనక్కి ఇచ్చేయండి, అది 100 మిల్లీయాంపులకు మించి ఇవ్వలేదు. బీసీ 547 బదులు 2ఎన్ 3904 ఇస్తే పని జరుగుతుంది గానీ కాళ్లు తిరగబడతాయి. బల్లపరుపు వైపు మనకేసి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే 547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్.

ఇక కోఠి. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే తరవాతి స్టేషనే సుల్తాన్ బజార్. అక్కడి నుంచి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీ నడిచేంత దూరం. బ్యాంక్ స్ట్రీట్ వైపు నుంచి వచ్చినా ఎవరిని అడిగినా చూపిస్తారు. ఇరుకు గల్లీ, రెండువైపులా అరలు అరలుగా దుకాణాలు, మెట్లెక్కితే పైన ఇంకొన్ని. పొద్దున్నే పరుగెత్తి లాభం లేదు, షట్టర్లు తీరిగ్గా లేస్తాయి. ఆదివారం వెళ్తే చాలా వరకు మూసే ఉంటాయి. జిల్లాల నుంచి వచ్చే మెకానిక్కులు, టోకు బేరగాళ్లు ముమ్మరంగా ఉన్న వేళ మీ పది రూపాయల ఐసీ గురించి ఎవరూ పట్టించుకోరు. జనం పలచగా ఉన్నప్పుడు వెళ్లండి. చీటీ చేతిలో పెట్టి పక్కకు నిలబడండి. ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటూ అడిగేవాళ్లంటే అక్కడ విసుగు. చీటీ ఇస్తే లోపలి కుర్రాడు వరసగా తీసి పెడతాడు, లేనివాటికి అడ్డగీత కొడతాడు. ఆ గీతలున్న చీటీ పట్టుకుని పక్క దుకాణానికి వెళ్లండి.

చిన్న పరిమాణంలో ఇస్తారా అన్నది కొత్తవాళ్ల భయం. ఇస్తారు. రెసిస్టర్లు పట్టీలుగా వస్తాయి, పది కత్తిరించి ఇవ్వడం మామూలే. చాలాసార్లు నూరు తీసుకోవడానికీ పది తీసుకోవడానికీ ధరలో తేడా అంతంతే, కాబట్టి రోజూ వాడే విలువలైతే నూరు తీసుకోండి. ఐసీలు, ట్రాన్సిస్టర్లు ఒక్కటైనా ఇస్తారు. “ఒరిజినలా, మామూలుదా?” అని అడిగితే కంగారు పడకండి, అది అక్కడ నిజాయితీ గల ప్రశ్న. ఎల్ఈడీ మిణుకుమనిపించడానికి మామూలు 555 చాలు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, పవర్ మాస్‌ఫెట్లు మాత్రం మామూలువి కొనకండి. 2ఎన్ 3055 లాంటి పాతకాపులకు నకిలీలు ఎప్పటినుంచో ఉన్నాయి. బయట డబ్బా అదే, లోపల సిలికాన్ ముక్క చిన్నది. తక్కువ సౌండులో బాగానే పాడుతుంది, గొంతు పెంచగానే పోతుంది.

ఐసీ మీది అచ్చును దగ్గరగా పెట్టి చదవండి. కంపెనీ గుర్తు, నంబరు కింద తరచూ నాలుగు అంకెలు కనిపిస్తాయి. 2317 అని ఉంటే 2023వ సంవత్సరం 17వ వారంలో తయారైందని అర్థం. ఒకే కవరులోని నాలుగు ఐసీలకు నాలుగు రకాల అచ్చు ఉన్నా, స్పిరిట్ దూదితో రుద్దగానే అక్షరాలు చెదిరిపోయినా అవి పాత బోర్డుల నుంచి ఊడదీసి మళ్లీ రంగేసినవి కావచ్చు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే కాంపోనెంట్ టెస్టర్ ఒకటి కొని సంచిలో వేసుకోండి, కొన్ని వందల్లో వస్తుంది. ట్రాన్సిస్టర్ కాళ్లు, డయోడ్ దిశ, కెపాసిటర్ విలువ అక్కడికక్కడే చూపిస్తుంది. ఐసీలను ఒకసారి కౌంటరు దాటాక వెనక్కి తీసుకోరు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్ల తరబడి అరలో పడి ఉంటే పాడవుతాయి, కాబట్టి దుమ్ము పట్టిన సరుకు చవకగా ఇస్తామన్నా వద్దనండి.

నన్నడిగితే కోఠికి వెళ్లాల్సింది ఐసీల కోసం కాదు, చేత్తో పట్టుకుని చూడాల్సిన సామాను కోసం. బెర్గ్ స్ట్రిప్పులు, రిలిమేట్ కనెక్టర్లు, ఐసీ బేసులు, జీరో పీసీబీలు, హీట్ సింకులు, మైకా ముక్కలు, స్విచ్చులు, వాల్యూమ్ కంట్రోలు బొత్తాలు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్లు, బోర్డు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు. వీటికి ఆన్‌లైన్ ఫోటో చాలదు. బెర్గ్ పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లా, 2 మిల్లీమీటర్లా అన్నది తెర మీద కనిపించదు, బోర్డు మీద పెట్టి చూస్తే క్షణంలో తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ బరువు కూడా చేతికే తెలుస్తుంది. రెండు ఆంపులని రాసి ఉన్నది మరీ తేలిగ్గా ఉంటే దానిలో ఇనుమూ తక్కువే, రాగీ తక్కువే. పైగా ఇలాంటి బరువైన వస్తువులకే కొరియరు ఎక్కువ పడుతుంది.

అదే రోజు ఇంకేమైనా కావాలంటే, ఇంటి వైరింగు సామానుకు ట్రూప్ బజార్ పక్కనే. ఫోను విడిభాగాలకు అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్, కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, మోటార్లూ బేరింగులూ నట్లూ బోల్టులకు రాణీగంజ్. ఆంధ్రలో ఉన్నవాళ్లు విజయవాడ గవర్నర్‌పేటలో, విశాఖ డాబాగార్డెన్స్‌లో అడగవచ్చు. నెల్లూరు, తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, హిందూపురం, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు దగ్గర. ఆ రెండు బజార్లూ కోఠి కన్నా పెద్దవి.

మాడ్యూళ్ల (తయారుగా వచ్చే చిన్న బోర్డుల) విషయానికి వస్తే ఆన్‌లైనే మేలు. ఈఎస్‌పీ 32, ఆర్డుయినో బోర్డులు, సెన్సర్లు, మోటారు డ్రైవర్లు, డిస్‌ప్లేలు ఇవన్నీ రోబు, రోబోక్రేజ్, ఎలక్ట్రానిక్స్‌కాంప్, ఎవెల్టా, సన్‌రోమ్ వంటి మన దేశంలోని సైట్లలో ఒక్కటైనా అమ్ముతారు. ఒకే వస్తువు ధర సైటుకూ సైటుకూ మారుతుంది, అయితే ఆ ధర చూసి నిర్ణయించకండి. 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూసి, కొరియరు కలిపి, బుట్టలో చివరి మొత్తం పోల్చండి. ఒక్కొక్కరూ విడిగా తెప్పించుకోకుండా నలుగురు స్నేహితుల చీటీలు కలిపి ఒకే ఆర్డరు పెడితే కొరియరు ఖర్చు నాలుగో వంతుకు దిగుతుంది. మా దుకాణంలో గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. కావలసినవాళ్లు దాని మీద రాసి వెళ్తారు, కాగితం నిండాక ఆర్డరు పెడతాం. తొందర ఉన్నవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

బట్టలూ చెప్పులూ కూడా అమ్మే పెద్ద సైట్లలో విడిభాగాలు కొనకపోవడం మంచిది. అక్కడ అమ్మేది ఎవరో ఒకరు, ఫోటోలో ఉన్నదీ వచ్చేదీ ఒకటేనన్న పూచీ ఉండదు. ముఖ్యంగా 18650 లిథియం సెల్లు. “9900 ఎంఏహెచ్” అని రాసి ఉన్నదేదీ నమ్మకండి. పేరున్న కంపెనీల సెల్లులో సాధారణంగా 2000 నుంచి 3500 దాకా ఉంటుంది, బరువు 45 గ్రాముల అటూఇటూ తూగుతుంది. కిరాణా కొట్టు తక్కెడ మీద పెట్టి చూసినా దొంగ సరుకు దొరికిపోతుంది.

మరి కచ్చితంగా అసలైనదే కావాలనుకోండి. కొలత నమ్మకంగా ఉండాల్సిన సెన్సర్, ఇన్వర్టర్‌లో వేసే పవర్ మాస్‌ఫెట్, ఎక్కడా దొరకని ఒక ఐసీ. వీటికి డిజీకీ, మౌసర్, ఎలిమెంట్14 ఉన్నాయి. ఇవి తయారీ కంపెనీల అధీకృత పంపిణీదారులు. వేల కోట్ల వ్యాపారమైనా ఒక్క పీసు అడిగినా పంపుతాయి. డిజీకీ మొదలైందే మన బాపతు వాళ్ల కోసం. అమెరికాలో 1972లో హామ్ రేడియో వాళ్లకు మోర్స్ కోడ్ పంపే డిజిటల్ కీయర్ కిట్ అమ్ముతూ మొదలైన సంస్థ అది, పేరు కూడా ఆ కిట్ నుంచే వచ్చింది. వీటిలో ధర ఎక్కువ, చిన్న ఆర్డరుకు రవాణా ఇంకా ఎక్కువ. కాబట్టి తప్పనిసరి వస్తువులు పోగయ్యాక ఒకేసారి కొనండి. కొనేటప్పుడు ప్యాకింగు అని ఉన్న చోట కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. ‘కట్ టేప్’ అయితే ఎన్ని కావాలంటే అన్ని. ‘రీల్’ అయితే మూడు వేలో, అయిదు వేలో కొనాల్సి వస్తుంది. అలాగే ‘స్టాకులో ఉన్నవి’ అన్న గడిలో టిక్కు పెట్టాకే వెతకండి. కొనకపోయినా ఈ సైట్లతో ఒక లాభం ఉంది. ప్రతి భాగానికీ అసలు డేటాషీటు, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అక్కడ ఉచితం. పైన చెప్పిన గేటు వోల్టేజీలు, కాళ్ల వరసలు అందులోనే ఉంటాయి.

చైనా నుంచి నేరుగా తెప్పించుకునే రోజులు చాలా మందికి గుర్తున్నాయి. అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో కేంద్రం నిషేధించింది. ఎల్‌సీఎస్‌సీ వంటి చైనా సైట్లు ఉన్నా కస్టమ్స్ సుంకం, కొరియరు కంపెనీ రుసుము, గుర్తింపు పత్రాల తతంగం కలిసి చిన్న ఆర్డరుకు గిట్టుబాటు కాదు.

బడి పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద వచ్చే పది వేల రూపాయలతో పిల్లలకు నమూనా చేయించే టీచర్లకు ఒక మాట. ఏ దుకాణంలోనైనా కొనేముందే జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అడగండి. చిత్తు కాగితం మీద రాసిచ్చిన లెక్క తరవాత పనికిరాదు. “మొత్తం మేమే తయారుచేసి ఇస్తాం” అనే ప్రాజెక్టు సెంటర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆ డబ్బుకు పిల్లవాడికి వచ్చేది ఒక అట్టపెట్టె, రాని విద్య.

ఇన్నిసార్లు కొనే పని తగ్గాలంటే ఇంట్లో పోపుల డబ్బాలా ఒక సామాను పెట్టె ఉండాలి. రెసిస్టర్లలో అన్ని విలువలూ కొననక్కర లేదు. 100, 220, 330 ఓములు, 1 కె (వెయ్యి ఓములు), 4.7 కె, 10 కె, 100 కె ఉంటే మామూలు పనులు నడిచిపోతాయి. మధ్య విలువ కావాలంటే రెండు కలిపి చేసుకోవచ్చు. 104 అని రాసి ఉండే సెరామిక్ కెపాసిటర్లు, అంటే 0.1 మైక్రోఫారడ్‌వి, యాభై దాకా ఉంచుకోండి, ప్రతి ఐసీ పక్కనా ఒకటి పడుతుంది. ఎలక్ట్రోలైటిక్‌లో 10, 100, 1000 మైక్రోఫారడ్‌వి. బీసీ 547, దాని జోడీ బీసీ 557 చెరొక పది. 4007, 4148 డయోడ్లు, ఎల్ఈడీలు, రెండు 7805లు, రెండు 555లు, రెండు ఎల్ఎం 358 యాంప్లిఫయర్ ఐసీలు. జిప్ కవర్లలో వేసి విలువ పైన రాయండి. రాయని కవరులోని రెసిస్టర్లను రంగుల పట్టీలు చూసి ఏరుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

డబ్బు పెట్టకుండా దొరికేది చివరికి చెబుతున్నాను, ఎందుకంటే దీనిలో ప్రమాదం ఉంది. పాత ఇనుప సామాను కొట్లో కిలోల లెక్కన దొరికే ప్రింటర్లలో స్టెప్పర్ మోటార్లు, నున్నటి ఉక్కు కడ్డీలు ఉంటాయి. పాడైన యూపీఎస్‌లో రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింకులు. పోయిన సీఎఫ్ఎల్ బల్బు కింది డబ్బా విప్పితే నాలుగు 4007 డయోడ్లు, 13001 లేదా 13003 ట్రాన్సిస్టర్లు, ఒక చోక్ వస్తాయి, గాజు గొట్టం మాత్రం పగలకుండా చూడాలి, అందులో పాదరసం ఉంటుంది. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) విప్పేటప్పుడు ప్లగ్ తీసేశాం కదా అని చెయ్యి పెట్టకండి. దానిలోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. హోల్డరుకు పెట్టిన 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు తీగలను ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్లకూ కొన్ని క్షణాలు ఆనించండి, తరవాత మీటరు పెట్టి సున్నా చూశాకే ఊడదీయండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్యాకులు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా తేవద్దు. ఉబ్బిన సెల్లు ఏదో, బాగున్నది ఏదో తేల్చుకునే సామాను ఇంట్లో ఉండదు.